సున్నపు బొట్లు

మా ఆయన జ్ఞానప్రకాశానికి రాని పనంటూ లేదు, కావాలంటే ఆయన్నే అడగండి. మా ఊరి ఆవిరి పడవకి డ్రైవరు. వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసినప్పుడు ధవళేశ్వరం నుంచి ఫిట్టరు వచ్చి ఇంజను బాగుచేసి వెళ్లేవాడు. ఆ ఏడు మాత్రం "వాడెందుకే, నేను చెయ్యలేనా?" అని తనే విప్పాడు. ఇత్తడి సామానంతా మా అరుగు మీద పరిచాడు. ఏది ఎటువైపు బిగించాలో మరిచిపోకుండా ఒక్కోదానికీ సున్నంతో బొట్లు పెట్టుకున్నాడు.

ఇంతలో ఈస్టరు వచ్చింది. ఇంట్లో ఇత్తడి మాసి ఉంటే పండగెలా చేస్తాం? బిందెలతో పాటు ఆ సామానూ చింతపండేసి తోమేశాను. అన్నీ తళతళలాడాయి గానీ బొట్టు ఒక్కటీ మిగల్లేదు. ఆయన కోపం ఎరిగినదాన్ని. నాకు తోచినట్టు మళ్లీ బొట్లు పెట్టేసి నోరు మూసుకున్నాను. ఆయన ఆ బొట్లు చూసుకుంటూ అంతా బిగించాడు.

కాలవకి నీళ్లు వదిలేనాటికి మా అమ్మాయి దేవకుమారి రెండు రోజులుగా నొప్పులు పడుతోంది.

"బిడ్డ అడ్డం తిరిగిందండి. నా వల్ల కాదు, రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి," అంది మంత్రసాని లోవమ్మ.

పిల్లని పడవ లోపల పడుకోబెట్టాం, లోవమ్మ పక్కన కూర్చుంది. ఆవిరి నిండింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఆవిరి చాల్లేదేమోనని ఆయన ఇంకా కట్టెలేశాడు. గొట్టం పూడిందేమోనని విప్పి ఊదాడు. ఊహూ.

"తాడు కట్టి లాగే పడవలో వెళ్లిపోదామండీ. సాయంత్రానికైనా చేరతాం," అన్నాను.

"ఇదిగో, అయిపోయిందే! నా బిగింపులో తప్పేం లేదు. బొట్లు చూసుకునే బిగించాను."

అప్పుడు చెప్పొచ్చుగా? చెప్పలేదు, పాపిష్టిదాన్ని. ఇప్పుడో ఇంకాసేపటికో అదే తిరుగుతుందని ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. పొద్దు నడినెత్తికొచ్చింది.

"అమ్మా, పడవ కదిలిందా?" అంది దేవకుమారి. గొంతు పీలగా వచ్చింది.

ఇక ఆగలేకపోయాను. "ఏవండీ, ఆ బొట్లు మీవి కావు. తోమేసి, మళ్లీ నేనే పెట్టాను."

ఆయన తిట్టలేదు. కొట్టినా బాగుండేది. ఇంజను మూత విప్పి, లోపలి ఇత్తడి పలకని తిరగేసి బిగించాడు. ఇంజను తిరిగింది. గట్టు వెనక్కి జరిగింది.

"కదిలిందే తల్లీ, కదిలింది!" అంటూ లోపలికి పరిగెత్తాను.

లోవమ్మ దాని కళ్లు మూస్తోంది.

బయటికొచ్చి ఆయన్ని పిలిచాను. ఇంజను చప్పుడులో ఆయనకి వినపడలేదు. "ఇంకో మూడు గంటల్లో రాజమండ్రి. దానికి చెప్పు," అని అరిచాడు.