అద్దాల పెట్టెలో ఇస్త్రీ పెట్టె

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. ఏడు కిలోల బరువు, టేకు పిడి, కడుపు నిండా నిప్పు. నన్ను చల్లగా మాట్లాడమని ఎవరూ అడగవద్దు. నా బతుకులో నేను చల్లగా ఉన్నది రెండేళ్ళే. నాకూ నా వాళ్ళకూ జరగరాని చెరుపంతా ఆ రెండేళ్ళలోనే జరిగింది.

హైదరాబాదులో బేగంబజారు వెనక సందులో, ఒక పోత కొట్టంలో పుట్టాను. పాత బిందెలు, విరిగిన తాళంకప్పలు కరిగించి నన్ను పోశారు. మొదట కొన్నది లింగవ్వ. కొనేముందు నన్ను ఎడమచేత్తో ఎత్తి చూసి, "బరువున్నది. బట్ట మీద నేను పడే పన్లేదు, ఇదే పడ్తది" అంది. మనిషి నోట నేను విన్న మొదటి మెప్పు అది. ఆ తర్వాత నన్ను మెచ్చుకున్నవాళ్ళెవరూ నన్ను ఎత్తి చూడలేదు.

లింగవ్వ పోయాక కోడలు బాలామణి చేతికి వచ్చాను. మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన రేకు కింద మా బండి. బండి మీద నాలుగు మడతల గొంగడి, దాని మీద తెల్ల దుప్పటి. పొద్దున ఏడింటికి బొగ్గులు రాజేస్తే మధ్యాహ్నం రెండింటి దాకా నాకు విశ్రాంతి ఉండేది కాదు. బాలామణి భర్త పెళ్ళైన ఆరేళ్ళకే చనిపోయాడు. పిల్లలు లేరు. అన్న కూడా పోతే అన్న కొడుకు ఐలేషును తెచ్చుకుని పెంచింది. రోజుకు నూట ఇరవై బట్టలు ఇస్త్రీ చేసి వాడిని ఇంజనీరింగు చదివించింది.

ఐలేషు మంచివాడు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు.

చదువయ్యాక మూడేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేశాడు. నాలుగో అంతస్తు నుంచి ఎవరో కేకేస్తే మేనత్త మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కడం, తీరా వెళ్ళేసరికి తలుపు తాళం వేసి ఉండడం వాడు రోజూ చూసేవాడు. ఆ బాధ తీర్చడానికే ఫోనులో ఒక యాప్ తయారుచేశాడు. పేరు 'మడత'. ఇంట్లోవాళ్ళు ఫోనులో నొక్కితే దగ్గరున్న బండి మనిషికి కబురు వస్తుంది, ఆమె వెళ్ళి బట్టలు తెచ్చుకుంటుంది. మోతీనగర్, బోరబండల్లో పన్నెండు బండ్లు చేరాయి. అందరూ ఆడవాళ్ళే, అందరూ బాలామణి మాట మీద చేరినవాళ్ళే. పక్క వీధి కిష్టమ్మకు బాలామణే స్వయంగా నేర్పింది. "ఫోను పచ్చగయితే లేచి పోవుడు, ఎర్రగయితే కూసునుడు. గంతే." ఎనిమిది నెలలు బాగా నడిచింది. ఒక్కొక్కరికి రోజుకు ముప్పై బట్టలు పెరిగాయి. బట్టకు అర్ధరూపాయి ఐలేషు తీసుకునేవాడు. అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర కథే ఉండేది కాదు.

మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో మొలక వెంచర్స్ అని ఒక సంస్థ ఉంది. అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్న ఇంటర్నెట్ కంపెనీల్లో డబ్బు పెట్టి, బదులుగా వాటా తీసుకోవడం వాళ్ళ పని. దానికి పెద్ద పృథ్వీధర్. వాళ్ళు ఐలేషును పిలిచారు.

"రెండు దినాలకే అత్తా, పెట్టె ఇయ్యి. వాళ్ళకు చూపెట్టాలె" అన్నాడు ఐలేషు.

"నా రెండు దినాల కూలి ఎవలిస్తరు?"

"వాళ్ళే ఇస్తరు. నూరేండ్లది కలిపి ఇస్తరు."

బాలామణి నవ్వి, బొగ్గులు దులిపి, చింతపండు పెట్టి నన్ను తళతళలాడేలా తోమి ఇచ్చింది. అంత శుభ్రంగా నేను పుట్టినరోజు కూడా లేను.

గాజు బల్ల మీద నన్ను పెట్టి, "సార్, మా కంపెనీ ఇదే" అన్నాడు ఐలేషు. పృథ్వీధర్ మెడపట్టీ లేని అల్లిక చొక్కా వేసుకుని ఉన్నాడు. ఇస్త్రీ అక్కర్లేని బట్ట అది. ఆ మనిషి ఒంటి మీద ఇస్త్రీ చేసిన గుడ్డ నేను ఏనాడూ చూడలేదు. నా ఫొటో తీసుకుని, "బ్యూటిఫుల్ స్టోరీ" అన్నాడు. నెల తిరక్కుండానే రెండు కోట్లు పెట్టాడు. కంపెనీ నిర్ణయాలు చేసే బోర్డులో మూడు కుర్చీలుంటే రెండు తమవన్నాడు. మూడోది ఐలేషుకు ఇచ్చాడు. నన్ను మాత్రం వెనక్కి ఇవ్వలేదు. ఆఫీసు ముందు హాల్లో అద్దాల పెట్టె చేయించి, పైన దీపం పెట్టి, కింద ఇంగ్లీషులో ఒక ఇత్తడి బిళ్ళ బిగించి అందులో కూర్చోబెట్టాడు.

ఐలేషు అత్తకు కరెంటు ఇస్త్రీ పెట్టె కొనిచ్చాడు. రేకు కింది బండికి కరెంటు లేదన్న సంగతి వాడికి గుర్తులేదు. బాలామణి ఎవరిదో ఇనుప పెట్టె అద్దెకు తెచ్చుకుని పని సాగించింది.

అద్దాల వెనక కూర్చుని నేను రకరకాల మనుషుల్ని చూశాను. ఫోను నొక్కితే పెరుగు తెచ్చిస్తానన్నవాడు, జాతకం చెప్పిస్తానన్నవాడు, పెళ్ళికొడుక్కి షేర్వానీ అద్దెకిస్తానన్న అమ్మాయి. సోఫాలో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని తమ వంతు కోసం కూర్చునేవాళ్ళు. పృథ్వీధర్ ఒక్కొక్కరినీ నా ముందుకు తెచ్చి, "ఇది మేం వేసిన తొలి విత్తనం" అనేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక తన భాగస్వాములతో అనేది వేరు. "పది చల్లుతాం. ఒక్కటి చెట్టయితే చాలు. మిగతా తొమ్మిదీ ఎరువే." చేలో కాలు పెట్టిన మనిషి అలా అనడు. విత్తనం మొలవకపోతే రైతు ఏడుస్తాడు. ఈయన కాఫీ తెప్పించుకునేవాడు.

నా పక్కనే మీటింగుల గది. దానికీ అద్దాలే.

"బండ్లతో ఎన్నాళ్ళు, ఐలేష్? వాళ్ళకు జ్వరాలొస్తాయి, పండగలొస్తాయి. నెలనెలా రెండింతలు కావాలి మనం. జీడిమెట్లలో షెడ్డు తీసుకో, ఆవిరి మెషిన్లు పెట్టు" అన్నాడు పృథ్వీధర్ ఒకరోజు.

"బండ్లోళ్ళే గద సార్ మా కంపెనీ."

"అది స్టోరీ. ఇది బిజినెస్. మొదటి మూడు నెలలు ఇస్త్రీ ఉచితంగా చెయ్."

"ఉచితమంటే... మా అత్త బండి కాడికి ఎవరొస్తరు సార్?"

"జనానికి అలవాటు చెయ్యాలి. అలవాటయ్యాక రేటు మన చేతిలో ఉంటుంది."

ఐలేషు తలూపాడు. ఆ తలూపడం నేను రెండు అద్దాల్లోంచి చూశాను.

మోతీనగర్‌లో ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత బాలామణి నోటే విన్నాను. మొదటి వారమే బట్టలు సగమయ్యాయి. పాతికేళ్ళ నుంచి ఆమెకే వేస్తున్న ఇళ్ళవాళ్ళు, "ఊరికే చేసిస్తున్నారు కదా బాలామణీ, ఏమనుకోకు" అని తప్పుకున్నారు. యాప్ రాకముందు నుంచీ ఉన్న నూట ఇరవై కూడా ఇరవైకి దిగింది. మూడు నెలలన్న ఉచితం ఏడు నెలలు సాగింది. మడత వాళ్ళు బట్టలు తీసుకునే గూడు ఒకటి పెట్టడానికి అపార్ట్‌మెంటువాళ్ళు గేటు పక్క చోటిచ్చారు. అది బాలామణి బండి ఉన్న చోటు. బండిని మురుగు కాలవ దాపుకు నెట్టారు.

కిష్టమ్మ వచ్చి ఫోను తీసి బండి మీదికి విసిరేసింది. "నీ అల్లుడే మా నోట్ల మన్ను గొట్టిండు. నీ మొఖం జూసి చేరితిమి. థూ!" పన్నెండు మందిలో నలుగురు ఇళ్ళలో అంట్లు తోమడానికి పోయారు. ఇద్దరు ఆ జీడిమెట్ల షెడ్డులోనే కూలికి కుదిరారు.

అప్పటికి ఐలేషు వేరే ఇల్లు తీసుకున్నాడు, బాలామణి అక్కడికి వెళ్ళింది.

"ఆర్నెల్లు ఓపిక పట్టత్తా. రేటు పెరిగినంక బండ్లను మళ్ళ కలుపుకుంటం" అన్నాడు.

"ఆర్నెల్లు ఏం దిని బతకాల్రా?"

"నెలకింత నేనిస్త. నీకెందుకు ఫికరు?"

"నేను అడుగుతున్నది పని. నువ్వు బిచ్చమేస్తున్నవ్" అని లేచి వచ్చేసింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఏడాది తిరిగింది. ఆవిరి మెషిన్లు రెండు కోట్లూ తిన్నాయి. ఇంకా పెద్ద పెట్టుబడిదారులు వస్తారన్నారు, రాలేదు. అద్దాల గదిలో చివరి మీటింగు పెట్టి పృథ్వీధర్ తేల్చేశాడు. మడత ఖాతాదారుల జాబితా బెంగళూరులో ఒక కంపెనీ కొంటుంది. ఐలేషుకు అక్కడ ఉద్యోగం ఇస్తారు. షెడ్డు మూసేస్తారు.

"షెడ్డుల నలభై మంది ఉన్నరు సార్."

"నెల జీతం ఇచ్చి పంపుతాం."

"బండ్లోళ్ళు?"

"వాళ్ళు మన ఉద్యోగులు కాదుగా."

ఐలేషు సంతకం పెట్టాడు. ఒక చొక్కా చెయ్యి ఇస్త్రీ చేసేంత సేపు కూడా పట్టలేదు. వెళ్ళిపోతూ నా ముందు ఆగి అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. "సార్, మరకలు పడతాయి" అంది వచ్చేపోయేవాళ్ళను పలకరించే బల్ల దగ్గరి అమ్మాయి. చెయ్యి తీసేసి, చొక్కాకు తుడుచుకుని, మెట్ల వైపు నడిచాడు.

ఆ తర్వాత నెలకు బాలామణి వచ్చింది. గంజి పెట్టిన నేత చీర, చేతిలో ఒక పాత తువ్వాలు. కాపలా మనిషి అడ్డుపడితే, "నా పెట్టెకు వచ్చిన" అని లోపలికి వచ్చి సోఫాలో కూర్చుంది. అప్పటికే అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు పెట్టుబడి కాగితాల మీద సంతకాల కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళను పలకరించడానికి పృథ్వీధర్ బయటికి వచ్చాడు. ఆమె ఎవరో తెలియగానే చేతులు జోడించాడు.

"ఐలేష్ మేనత్త కదూ మీరు! మీ గురించి ఎన్ని మీటింగుల్లో చెప్పానో తెలుసా అమ్మా!"

"గా బిళ్ళ మీద ఏం రాసున్నది సారూ? నాకు ఇంగ్లీసు రాదు. సదువు."

పృథ్వీధర్ నవ్వి కుర్రాళ్ళ వైపు తిరిగాడు. కుర్రాళ్ళలో ఒకడు చదివాడు. "ఈ ఇస్త్రీ పెట్టె ఒక స్త్రీ జీవితాన్ని మార్చివేసింది."

"ఆ స్త్రీకి పేరు లేదా?"

చదివిన కుర్రాడు బిళ్ళ మీద ఇంకోసారి వెతికాడు.

"బాలామణి. రాసుకో సారూ. మార్చిన మాట నిజమే. దినాం నూట ఇరవై బట్టలు చేస్తుంటి, ఇరవైకి దెచ్చిండ్రు. గేటు కాడ జాగ గుంజుకున్నరు. పన్నెండు మంది ఆడోళ్ళు నాతోటి మాట్లాడరు. పెంచిన పోరడు నాకు లేకుండ పాయె. ఇంకేమన్న మార్చేదున్నదా? లేకుంటే నా పెట్టె నాకియ్యి."

"చూడమ్మా, వ్యాపారంలో ఇవన్నీ మామూలే. మేము కూడా రెండు కోట్లు పోగొట్టుకున్నాం."

"నీ పైసలు పోతే మళ్ళ ఎవలో ఇస్తరు. ఇస్తరు గాబట్టే ఈ పోరగాండ్లు ఇక్కడ కూసున్నరు. నాకెవలిస్తరు?"

పృథ్వీధర్ గొంతు తగ్గించాడు. "ఇది మా ఆఫీసుకు గుర్తమ్మా. ఎంత కావాలో చెప్పండి, ఇప్పుడే ఇప్పిస్తాను."

"నీ పైసలు తియ్యకు" అంది బాలామణి. "రెండు దినాలని తెచ్చి రెండేండ్లు బెట్టుకున్నవ్. అడిగి తెచ్చిన సొమ్ముకు ధర గడ్తవా? ఇది వ్యాపారమా, దొంగతనమా?"

తాళంచెవి ఉన్న మనిషి లేడన్నారు. "అయితే కూసుంట" అని ఆమె కదల్లేదు. గంట గడిచింది. కుర్రాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు లేచి, "సార్, మేం కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి ఇంకోసారి చదువుకుని వస్తాం" అన్నాడు. వాళ్ళు లిఫ్టు ఎక్కిన రెండు నిమిషాలకే తాళంచెవి దొరికింది.

ఆమె నన్ను తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని, బోరబండ బస్సెక్కింది. రెండేళ్ళ తర్వాత నన్ను ముట్టుకున్న మొదటి మనిషి చెయ్యి దిగేదాకా నా పిడి వదల్లేదు.

మోతీనగర్ కాలవ దాపు వదిలి ఇప్పుడు మా బండి బోరబండలో, మగపిల్లల హాస్టలు ఎదురుగా ఉంది. పక్కన కిష్టమ్మ బండి. ఆమె బాలామణితో ఇప్పటికీ ముభావమే, నిప్పు కావాలంటే మాత్రం అడుగుతుంది. బెంగళూరు కంపెనీ రేటు మూడింతలు చేసి, గిట్టుబాటు కావడం లేదని ఊరే వదిలి పోయింది. మోతీనగర్ ఇళ్ళవాళ్ళు కబుర్లు పెడుతున్నారు. "మూట మీరే తెచ్చుకోండ్రి, బట్టకు పది" అని బాలామణి జవాబు. కొందరు తెస్తున్నారు.

మొన్న పొద్దున ఐలేషు వచ్చాడు. బెంగళూరు ఉద్యోగం ఏడాది కూడా నిలవలేదట. చిక్కిపోయాడు. కవరులోంచి ఒక తెల్ల చొక్కా తీసి బండి మీద పెట్టాడు.

"పదకొండింటికి ఇంకో పెట్టుబడి కంపెనీల మీటింగున్నదత్తా. కొత్త ఆలోచన."

బాలామణి ఏం ఆలోచన అని అడగలేదు. నీళ్ళు చిలకరించి, మెడపట్టీ, చేతులు, వీపు, వరసగా లాగింది. ఎక్కడా ముడత లేదు. మడిచి పాత పేపర్లో పెట్టి వాడి ముందుకు తోసింది.

"నా మీద ఇంక కోపమేనా అత్తా?"

"కోపముంటే అంగి కాలబెడుదు. పది రూపాయలు."

వాడు ఫోను తీశాడు. "ఫోన్ల వద్దు, చేతిల బెట్టు" అంది. జేబులన్నీ వెతికి ఒక నలిగిన పది నోటు తీసి ఇచ్చి, చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అప్పటికే హాస్టలు పిల్లవాడి ప్యాంటు పరుస్తోంది. కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

కోపం లేదని ఆమె అన్న మాట కిష్టమ్మ కూడా నమ్మినట్టుంది. నేను నమ్మలేదు. నాది ఏడు కిలోల బరువు, చొక్కా మీద నన్ను నొక్కాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఆ ఒక్క చొక్కా మీద ఆమె తన ఒంటి బరువంతా వేసి నన్ను నొక్కింది.