మేక ఇంటికొచ్చిన పేజీ

ఆఖరి పేజీ ఒక్కటే మిగిలింది. కొండల్లో తప్పిపోయిన మేక ఇల్లు చేరే పేజీ. చెక్కముక్కతో తలుపు, జనపనారతో గడ్డి అతికించడం అయింది. కింద బ్రెయిలీ చుక్కల్లో ఒకే వాక్యం ఉంది. మేక మాత్రం లేదు.

నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో చూపులేని పిల్లలకు చదువు చెప్పే గుడ్రున్ ఇలా తడిమి చదివే పుస్తకాలు చాలా కాలంగా కుడుతోంది. మొదటి పేజీలో మేక ఏ గుడ్డతో ఉంటే చివరిదాకా అదే గుడ్డ ఉండాలి. గుడ్డ మారితే వేళ్లకు మేక మారిపోయినట్టే.

ఈ మేకకు గుడ్డ ఆమె కూతురు మారిట్ పాత ఉన్ని కోటు. కిందటి వేసవిలో మారిట్ తానే కత్తెర పట్టుకుని దాని కుడి చెయ్యి కత్తిరించి ఇచ్చింది. "దీన్ని వేసుకుంటే ఒళ్లంతా దురదేనమ్మా. మేకకైతే సరిగ్గా సరిపోతుంది" అని నవ్వింది. ఆకులు రాలే వేళకు జబ్బు ఆమెను తీసుకుపోయింది. ఒంటిచేతి కోటు గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

ఇచ్చిన ముక్క అయిపోయింది. గుడ్రున్ దుకాణాలన్నీ తిరిగి, కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టి పోల్చి, అచ్చం అదే బూడిదరంగు ఉన్ని కొంది. మేకను కుట్టేసింది.

పక్క గదిలో బ్రెయిలీ అచ్చు వేసే యోస్టెయిన్ తొంగిచూశాడు.

"కళ్లు మూసుకుని చూశావా?"

పేజీ పిల్లల చేతికి వెళ్లేముందు కుట్టినవాళ్లు కళ్లు మూసుకుని తడమాలి. అది వాళ్ల అలవాటు.

"చూశాను" అంది గుడ్రున్. చూడలేదు.

"అయితే వచ్చి ఇంత తిను. నీకంటే ఆ మేకే నయం, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది."

మేక ఇల్లు చేరుతుందో లేదోనని శీతాకాలమంతా అడిగింది ఒకటో తరగతి సున్నివా. ఆ మర్నాడు ఆమె వేళ్లు తలుపు దాటి, గడ్డి దాటి, మేక మీద ఆగాయి.

"ఇదెవరు?"

"మేక."

"కాదు. మనది గరుగ్గా ఉంటుంది. ఇదెవరో నున్నగా స్నానం చేసొచ్చింది. పక్కింటి మేకా?"

గుడ్రున్ పేజీని తన వైపు లాక్కుంది.

"మనది ఇంకా కొండల్లోనే ఉందా? నువ్వు దాన్ని వెతకలేదా, గుడ్రున్?" పిల్లకు ఏడుపొచ్చేసింది.

ఇంటికి వెళ్లి గుడ్రున్ కోటు దింపింది. రెండో చెయ్యి పరిచింది. మారిట్ బల్లకు ఆనించి ఆనించి మోచేతి దగ్గర ఉన్ని అరిగిపోయి ఉంది. కత్తెర అక్కడిదాకా వెళ్లి ఆగింది. చాలాసేపు ఆగింది. తరవాత కదిలింది.

మర్నాడు కొత్తగా కుట్టిన మేక మీద చెయ్యి పడగానే సున్నివా కేక పెట్టింది.

"వచ్చేసింది! ఇన్నాళ్లూ ఎక్కడుంది?"

"మా ఇంట్లో."

"చెప్పొచ్చుగా మరి! నిన్న నేనెంత ఏడ్చానో!"

"పంపించడానికి నాకు మనసు రాలేదు."

సున్నివా వెతుక్కుని గుడ్రున్ చెయ్యి పట్టుకుని, తెచ్చి మేక మీద పెట్టింది.

"నువ్వూ ఒకసారి తడుము. కళ్లు మూసుకున్నావా?"

"మూసుకున్నాను" అంది గుడ్రున్. ఈసారి నిజంగానే మూసుకుంది.