మూత లేని గడియారం

అమానుల్లా చేతికి లొంగని గడియారం జిల్లాలోనే లేదని నంద్యాలలో అందరికీ తెలుసు. ఎందుకు తెలియదు, ముప్పై ఏళ్లుగా టీ హోటల్లో కూర్చుని ఆ మాట చెబుతున్నది అమానుల్లాయే కదా! స్టేషన్ రోడ్డులో ఆయన కొట్టు పెద్ద బీరువా కంటే కాస్త పెద్దది. అందులో కూర్చుని ఈ పదేళ్లుగా ఆయన చేస్తున్న పనల్లా పాత సెల్లు తీసి కొత్త సెల్లు వేయడం, తెగిన బెల్టు మార్చడం. కీ ఇస్తే నడిచే అసలు సిసలు గడియారం ఆ గడప తొక్కి ఎన్నాళ్లయిందో. అది ఆయన నలుగురితో చెప్పుకునే దిగులు. చెప్పుకోని దిగులు ఇంకొకటుంది. రెండేళ్లుగా కుడిచెయ్యి వణుకుతోంది. ఆ సంగతి భార్య బీబీకి తప్ప ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఆమె ఆయనకు టీ సగం గ్లాసే పోస్తోంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

అలాంటి చేతిలో ఒక సోమవారం రుద్రాచారి వచ్చి ఆ గడియారం పెట్టాడు.

రుద్రాచారిది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కుతాడు. ఆయన దగ్గర ఆంజనేయ విగ్రహం చేయిస్తున్న బెంగళూరు సేటు, పని చూసి ముచ్చటపడి, తన చేతి గడియారం విప్పి ఆయనకు కట్టి పోయాడట. స్విస్ గడియారం. రూపాయి బిళ్ల మీద ఇంకో బిళ్ల పెడితే ఎంత మందమో, అంతకంటే పలచన. అమానుల్లా దాన్ని అరచేతిలోకి తీసుకుని, బరువు తెలియక, పడిపోయిందేమోనని ఒకసారి కిందికి చూశాడు.

"ఏందీ దీని కథ, ఆచారీ?"

"ఆగిపోతాంది భాయ్. పొద్దున కీ ఇస్తే, పనిలో కూర్చున్న గంటకంతా ఆగిపోతాంది. కీ ఇచ్చేది గూడా నాకు చేతగాదు. ఆ బుడిపె నా మొద్దు ఏళ్లకు దొరకదు. మా ఇంటామె కమలాక్షమ్మ ఇస్తాంది."

"నీళ్లేమన్నా పడినాయా?"

"నీళ్లా! ఇది కట్టుకున్నప్పట్నించి మొగం గూడా ఒంటిచేత్తోనే కడుక్కుంటాండా."

బేస్తవారం పది నలభై రెండుకు విగ్రహానికి కళ్లు తెరిపించే ముహూర్తం. విగ్రహమంతా ఎప్పుడో పూర్తయినా కనుపాపల గీత మాత్రం ఆ గడియలోనే గీయాలి. సేటు స్వయంగా వస్తున్నాడు. ఆయనిచ్చిన గడియారంలోనే గడియ చూస్తానని రుద్రాచారి గొప్పగా మాటిచ్చి కూర్చున్నాడు.

"ఆ పొద్దు ఇది ఆగిపోతే నా మొగం యాడ పెట్టుకునేది భాయ్?"

"నా చేతికి లొంగనిది ఈ జిల్లాలోనే లేదు. పెట్టిపో," అన్నాడు అమానుల్లా. అలవాటైన నోరు, అడక్కుండానే అనేసింది.

రుద్రాచారి బస్సెక్కాక ఆయన కంటికి భూతద్దం బిగించి, మూత తీసే చాకు పట్టుకుని కూర్చున్నాడు. ఏ గడియారానికైనా వెనక మూత ఉంటుంది, మూతకు ఎక్కడో ఒక చిన్న పెదవి ఉంటుంది, అక్కడ చాకు మొన పెట్టి లేపడమే. ముప్పై ఏళ్ల విద్యలో మొదటి పాఠం అది. అరగంట తిప్పాడు. పెదవి లేదు. ఇంకో అరగంటకు అర్థమైంది, అసలు మూతే లేదు. సన్నగా ఉండి తీరాలన్న పంతంతో ఆ మహానుభావులు మూతే ఎత్తేసి, చక్రాలన్నీ తీసుకుపోయి వెనక రేకుకే బిగించారు. తెరవాలంటే ముందు వైపు నుంచి అద్దం లేపి, వెంట్రుకల్లాంటి ముళ్లు పీకి, పై నుంచి దిగాలి.

చాకు మొన అద్దం అంచు మీదికి వచ్చింది. వచ్చి, అక్కడ నిలవకుండా ఊగింది. అమానుల్లా చాకు కింద పెట్టేశాడు. ఏడుపొచ్చింది ఆయనకు. పదేళ్లు ఎదురుచూసిన గడియారం, తీరా చెయ్యి చెడ్డాక వచ్చింది.

సరే, కనీసం నడుస్తోందో లేదో చూద్దామని కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. సెకన్ల ముల్లు కూడా లేదాయె, చూసి తెలుసుకుందామంటే. చివరికి పళ్ల మధ్య పట్టుకుంటే, చీమ నడిచినంత చప్పుడు దవడలో వినిపించింది. నడుస్తోంది! ఇక దాన్ని సొరుగులో పెట్టబుద్ధి కాలేదు. చేతికి కట్టుకున్నాడు.

కట్టుకున్నట్టే లేదు. అదే దాని అందం. చొక్కా చేతి కింద దూరి, ఒంటికి చర్మంలా అతుక్కుని, ఊపిరి తీసినంత మెత్తగా నడుస్తోంది. చిక్కల్లా, అది ఉన్న సంగతి ఇంకెవరికీ తెలియకపోవడమే. మర్నాడు టీ హోటల్లో గ్లాసు కోసం మూడుసార్లు చెయ్యి చాపి చూపించాడు. నాలుగోసారికి హోటలు కొండమ్మ, "ఏందప్పా, చెయ్యి నొప్పా?" అనడిగింది. ఇంట్లో బీబీ అయితే, "ఏందిది, పిల్లోళ్లు అంటించుకునే బొమ్మా?" అని గోటితో గీకబోయింది. లక్షల ఖరీదు చేసే వస్తువుకు ఊళ్లో దక్కిన మర్యాద అంతే.

రెండు రోజులు నిమిషం తేడా లేకుండా నడిచింది. మరి ఆచారి చేతికి ఏమొచ్చింది? బుధవారం పొద్దున అమానుల్లా ఊరికే బెల్టును చివరి బెజ్జం దాకా లాగి బిగించాడు. గడియారం ఆగింది. వదులు చేశాడు. నడిచింది. రాయి కొట్టేవాళ్లు చేతికి ఏది కట్టినా బిగించి కడతారు, లేకపోతే దెబ్బదెబ్బకూ జారి ఉలి మీదికొస్తుంది. అలా బిగిస్తే ఈ పలచని రేకు వంగి, లోపల చక్రాలను పట్టేస్తోంది. జబ్బు తెలిసింది, మందు ఒక్క బెజ్జం.

"ఆ మాటే చెప్పు ఆచారికి. చెయ్యి సంగతి గూడా చెప్పు. ఎన్నాళ్లు దాస్తావ్?" అంది బీబీ.

చెబితే ఏమవుతుంది? బెల్టు వదులు చేసుకోమనడానికి అమానుల్లా ఎందుకు, దారిన పోయే ఎవడైనా చాలు. తెరవలేకపోయాడన్న మాట సాయంత్రానికి నంద్యాలంతా పాకుతుంది. అందుకని రుద్రాచారి రాగానే, "తెరిచినా. లోపల రాతిదుమ్ము. తుడిచినా. రవ్వంత వదులుగా కట్టుకో," అన్నాడు. రుద్రాచారి మొదటి మూడు మాటలు విని పొంగిపోయాడు. నాలుగోది వినలేదు. రేపు నువ్వు తప్పకుండా రావాలని మాట తీసుకుని మరీ పోయాడు.

బేస్తవారం అమానుల్లా ఆళ్లగడ్డలో దిగేసరికి పనిపాక నిండా జనం. నల్లరాతి ఆంజనేయుడు కళ్లు మూసుకున్నట్టే నిలబడి ఉన్నాడు. పక్కనే పట్టుపంచెలో సేటు. రుద్రాచారి ముఖం చూడగానే అమానుల్లా ఆయన మణికట్టు వైపు చూశాడు. గడియారం పది పదిహేడు దగ్గర నిలబడిపోయి ఉంది. బెల్టు చివరి బెజ్జంలో ఉంది. జనం చేతుల్లోని ఫోన్లు పది ముప్పై అయిదు చూపిస్తున్నాయి.

"మొన్న తెరిచినావు గదా భాయ్, మళ్లీ తెరువు. ఏడు నిమిషాలుండాయి!" గడియారం విప్పి అందరి ముందూ చాపాడు రుద్రాచారి.

ఏమీ మాట్లాడకుండా బెల్టు వదులు చేసి పరువు దక్కించుకోవచ్చు. అమానుల్లా కూడా అదే అనుకున్నాడు. కానీ ఆ మనిషి కళ్లల్లోని నమ్మకం చూసి సిగ్గేసింది.

"నేను తెరవలేదు ఆచారీ. అబద్ధం చెప్పినా. తెరిచే చెయ్యి కాదిది, వణుకుతాంది. రెండేండ్లాయె," అని కుడిచెయ్యి చాపి చూపించాడు.

"దాన్ని కట్టుకో ముందు," అని తనే రుద్రాచారి మణికట్టుకు చుట్టాడు. బకిలు ముల్లు మూడుసార్లు తప్పి నాలుగోసారి వదులు బెజ్జంలో దిగింది. సేటు తన ఫోను చూసి ముళ్లు సరిచేశాడు. సెకన్ల ముల్లు లేని గడియారం కదా, నడుస్తోందో లేదో తెలియాలంటే నిమిషం ఆగాలి. నలభై మంది మెడలు సాచి ఆ నిమిషం చూశారు. అంత పొడుగు నిమిషం అమానుల్లా జన్మలో ఎరగడు.

ముల్లు కదిలింది.

పాక దద్దరిల్లిపోయింది. "ముట్టుకుంటే నడిచె!" అన్నారు ఒకరు. "తెరవనే లేదంట, వట్టి చెయ్యి తగిలిస్తే చాలంట!" అన్నారు ఇంకొకరు. "నా చెయ్యేం కాదప్పా, బెల్టు—" అంటున్న అమానుల్లా మాట ఆ గోలలో కొట్టుకుపోయింది. విన్న ఒకరిద్దరూ, పెద్దపనోళ్లు అట్లే చెప్పుకుంటారులే అని తల పంకించారు.

పది నలభై రెండుకు రుద్రాచారి ఉలి ఎత్తాడు. మొదటి దెబ్బకే వదులు గడియారం జారి అరచేతిలోకొచ్చింది. ఆయన దాన్ని విప్పి కమలాక్షమ్మకిచ్చాడు. ఆమె కొంగున ముడేసుకుంది. ఆ ముడిలో అది ఒక్క నిమిషం తేడా లేకుండా నడుస్తూండగా, బయట ఆంజనేయుడు కళ్లు తెరిచాడు.

భోజనాల దగ్గర సేటు అమానుల్లాను పక్కకు పిలిచాడు. "ఎవరికీ చెప్పాకు. నా చేతికీ అది ఆగుతానే ఉండె. బెంగళూరులో ముగ్గురికి చూపించినా, బాగుందనిరి. ఇంక పడలేక ఆచారికిచ్చినా. అట్లాంటిదే ఇంకోటుంది. రేపు పంపిస్తా, నువ్వే తెరవాల."

"నా చెయ్యి వణుకుతాందని చెప్పినా కదా సేటూ."

"చెప్పినావులే!" అని సేటు పకపకా నవ్వి భుజం తట్టాడు.

సాయంత్రం ఇంటికి రాగానే బీబీ అడిగింది. "చెప్పినావా?"

"చెప్పినా. ఊరంతటి ముందర."

"ఏమన్నారు?"

"ఎవురూ నమ్మలా."

బీబీ గ్లాసు తెచ్చి టీ పోసింది. సగానికి ఆపలేదు, అంచు దాకా పోసింది.

"ఒలికిపోతాది," అన్నాడు అమానుల్లా.

"ఒలికితే నేను తుడుస్తా. తాగు," అంది ఆమె.