గీత దాటిన ఏడు చుక్కలు

చంద్రరావు గారు మూడో పూతరేకు తింటున్నారు. థీసిస్ మీద గైడు సంతకం కోసం వచ్చేవాళ్లు ఆయనింటికి ఖాళీ చేతులతో రాకూడదని రాజమండ్రిలోని ఆ కాలేజీలో ఆనవాయితీ. అదే కాలేజీలో లెక్చరరు ప్రసన్నకుమారి, నలభై రెండేళ్ల వయసులో, పెట్టె అందించి ఎదురుగా కూర్చుంది.

ఆవిడ ప్రయోగం పంచదార పాకం మీద. పలుకులు కట్టనీయకుండా చల్లారిస్తే ముదురు పాకం గాజులా బిగుసుకుంటుంది. ఆ బిగిసేటప్పుడు అణువులు తమ చుట్టూ తాము ఎంత వేగంగా తిరుగుతాయో విద్యుత్తు పెట్టి, ఎంత వేగంగా చోటు మారతాయో పాకంలో వేసిన రంగు పాకడాన్ని చూసి, ఐదేళ్లు కొలిచింది. రెండూ ఒకే లెక్కన మందగించాలి. అలా జరగలేదు. బాగా బిగిసే దగ్గర తిరగడం దాదాపు ఆగిపోయింది, చోటు మారడం అంతగా ఆగలేదు. గ్రాఫులో చివరి ఏడు చుక్కలు గీత వదిలి పైకి పోయాయి.

"ఈ చివరివేంటమ్మా?"

"మూడుసార్లు కొత్త పాకం పట్టి చూశానండి. అక్కడే వస్తున్నాయి."

"చీమలు పట్టుంటాయి. వంటింటి ఫిజిక్స్ ఇలాగే ఏడుస్తుంది."

ఆయన నవ్వుతుంటే నోట్లోంచి బెల్లం పొడి గ్రాఫు మీద పడింది. నేతి వేళ్లతోనే రబ్బరు అందుకుని చుక్కలు చెరపసాగారు. పెన్సిలు పొడి, నెయ్యి కలిసి నల్లటి జిడ్డుగా సాగాయి. ఆయన పెదాల మీద కూడా నేతి జిడ్డే.

"ఎగ్జామినరు గీత చూస్తాడమ్మా. నా పాత స్టూడెంటు అచ్చిబాబు థీసిస్‌లో ఇలాంటి చుక్కలు పదకొండు తీయించాను. ఇప్పుడు రీడరు."

ప్రసన్నకుమారి తల ఎత్తింది. తన లెక్క సరిచూసుకున్నది ఆ అచ్చిబాబు థీసిస్‌లోని గీతతోనే. కలవడం లేదని థర్మామీటర్లు మార్చింది, పాకం పారబోసింది, తన చేతుల్లోనే ఏదో లోపముందని రెండేళ్లు కుమిలింది.

ఆయన చేతి కింద నుంచి కాగితం లాక్కుంది. చుక్కలు మళ్లీ పెట్టబోతే జిడ్డు మీద సిరా పట్టలేదు. పక్కన ఖాళీలో ఏడు కొలతలూ అంకెల్లో రాసింది.

"అవి ఉంటే నా సంతకం ఉండదు. ఐదేళ్లూ గోదాట్లో కలిపేసుకుంటావా?"

"అందులో రెండేళ్లు మీరూ అచ్చిబాబు గారూ ఎప్పుడో కలిపేశారండి," అంటూ థీసిస్ తీసుకుని లేచింది.