సీమ చామంతి మూటలు

"పూలు ఆరబెట్టే అటక తాళంచెవి ఇటివ్వమ్మా. రేపటినుంచి నువ్వు తోటలోకి రానక్కర్లేదు" అంటూ ఇంటి పెద్దకొడుకు తమ్ముడి భార్య ముందు చేయి చాచాడు.

మందుల కంపెనీ లారీ వెనక్కి తెచ్చి దించిన మూటలు వాకిలి నిండా ఉన్నాయి. లోపల సీమ చామంతి పూలకు బూజు పట్టింది. పసిపిల్లల కడుపునొప్పి మందులో వేసే పూలవి. ఇక ఈ తోట పూలు కొనేది లేదని వెంట వచ్చిన కంపెనీ మనిషి చెప్పేశాడు.

రాళ్ల దిబ్బను పూలతోట చేసిన చిన్నకోడలు తల దించలేదు, తాళంచెవి ఇవ్వలేదు.

"మంచు ఆరకముందే కోయించి ఉంటావు. ఆడవాళ్లకి అప్పజెపితే ఇంతే."

"మంచు ఆరేదాకా మమ్మల్ని గట్టుమీద కూర్చోబెట్టేది ఆవిడేనండీ" అంది కోతమనిషి ఒకామె. "మా కబుర్లన్నీ అక్కడే అయిపోయేవి."

"నిన్నెవరడిగారు?"

చూశారా, ఎక్కడ నష్టం జరిగినా మన వేలు ముందు కష్టపడిన చేతుల మీదికే పోతుంది.

అత్తగారు మూటలోంచి ఒక పువ్వు తీసి వెలుగులో పట్టింది.

"తడిమీద కోస్తే ఆరేసరికి నల్లబడుతుంది. ఇది బూజు కింద ఇంకా బంగారంలా ఉంది. చక్కగా ఆరాకే తడిసింది."

"వాన జల్లు పడిందేమో" అన్నాడు పెద్దకొడుకు.

"గదిలో ఉన్న మూటల మీద వానా? అటక దిగాక ఎక్కడుంచారమ్మా ఇవి?"

"కాటా గదిలో అత్తయ్యా. దాని తాళం..." కోడలు ఆగిపోయింది.

ఆ తాళంచెవి పెద్దకొడుకు జేబుకే వేలాడుతోంది. అందరి చూపులూ అటే తిరిగాయి.

"తూకం కాస్త పెరుగుతుందని... అమ్మా, లోపల మాట్లాడుకుందాం. పదిమందిలో వద్దు."

"ఆ పిల్లని పదిమందిలోనే కదరా అన్నావు."

ఆవిడ ఆ తాళంచెవి లాగి కోడలి చేతిలో పెట్టింది. కంపెనీ మనిషి వైపు తిరిగింది.

"మీవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పు బాబూ. ఈ తోట నా కోడలిది, ఆమె ఆరబెట్టిన పువ్వులో దోషం లేదు. నోరులేని పసివాళ్లు తాగే మందు ఇది. తప్పు చేసినవాణ్ణి దాచి, కష్టపడినవాళ్ల మీద నింద వేసే ఇంట్లో ఏ మూలికా మందు కాదు. నీళ్లు చల్లింది నా పెద్దకొడుకు."