ఛాతీ ఊగితేనే

కుట్టుమిషన్‌ను కాళ్ళతో గబగబా తొక్కుతూ, నాడి మీద వేలు పెట్టి చూసుకుంటున్నాడు మెకానిక్. కాళ్ళు పరుగెడుతున్నాయి. నాడి మాత్రం భోంచేసి కునుకు తీస్తున్నవాడిలా తాపీగా కొట్టుకుంటోంది. లేచి, కొట్లోనే భుజాలు ఊపుకుంటూ చిందులు వేశాడు. కాసేపటికి నాడి జోరందుకుంది. మిషన్ తీసుకుపోదామని వచ్చిన దర్జీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైందన్నా, చీమలు కుట్టాయా?"

"ఉండవయ్యా, దీని గుట్టు దొరికింది!" అంటూ మెకానిక్ ఛాతీ తడుముకున్నాడు.

చేతికొచ్చిన మిషన్నల్లా విప్పి చూసిన మనిషి. తన ఛాతీలో పెట్టిన పేస్‌మేకర్‌ను విప్పి చూసే వీల్లేదే అని అతని బెంగ. అది పెట్టినప్పటి నుంచీ నీళ్ళ ట్యాంకున్న ఎత్తు మీదికి సైకిలెక్కించలేక, ఊపిరి అందక సగంలోనే దిగిపోతున్నాడు. తొక్కవచ్చన్నాడు డాక్టరు. ఒంటి కదలికను బట్టి గుండె వేగం అదే పెంచుతుందనీ అన్నాడు. మరి పెంచదేం? ఇప్పుడు తెలిసింది. సైకిలు మీద కాళ్ళే ఆడతాయి, ఛాతీ కదలదు. పాపం అదేమో, ఈయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడనుకుంటోంది.

రోజూ స్కూటరు మీద వెనకాలే వచ్చే భార్యకు భయపడి భయపడి విసుగొచ్చేసింది.

"ఇవాళ కూడా మధ్యలో దిగారంటే సైకిలు అమ్మేస్తానండీ. మీకేమో గానీ, ముందు నా గుండె ఆగేలా ఉంది" అని పొద్దున్నే తేల్చి చెప్పింది. సైకిలు లేని సాయంత్రాలను తలుచుకుంటేనే అతనికి దిగులేసింది.

సాయంత్రం ఎత్తు మొదలయ్యే చోట సీటు మీంచి లేచి, భుజాలు కుదుపుతూ తొక్కసాగాడు.

"అయ్యో, ఏమైందండీ!" వెనకనుంచి కేక.

తిరిగి చూడలేదు. ఎప్పుడూ దిగిపోయే మలుపు దగ్గర సైకిలు నెమ్మదించింది. వెనక స్కూటరు ఆగిన చప్పుడు. పరువంతా పోతుందనిపించి ఇంకాస్త గట్టిగా ఊగాడు. ఛాతీలో ఎవరో నిద్ర లేచినట్టయింది. ఊపిరి అందింది, మలుపు వెనకబడింది.

ట్యాంకు దగ్గర కాలు నేల మీద ఆనించి, "చూశావా? మొద్దునిద్ర దీనిది, లేపాను!" అన్నాడు.

తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ. కంగారుగా రోడ్డంచు పిట్టగోడ దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు. కింద, దూరంగా, ఆమె స్కూటరు ఇంటిదారి పట్టింది. ఆపరేషన్ తర్వాత అతన్ని వదిలేసి ఆమె వెళ్ళడం ఇదే మొదటిసారి. అతనికి గర్వంగానూ ఉంది, ఎందుకో ఒంటరిగానూ ఉంది.

దిగేటప్పుడు మలుపులో సైకిలు ఆపాడు. రోడ్డు పక్కన నీడ చూసి వేసి ఉంది, వాళ్ళ వంటింటి చిన్న స్టూలు. తను కూలబడితే కూర్చోబెట్టడానికని ఇన్నాళ్ళూ మాట మాత్రం చెప్పకుండా స్కూటరులో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెస్తోందన్నమాట. ఇవాళ అతను మలుపు దాటడం చూసి, ఇక అక్కర్లేదని ఇక్కడే వదిలేసి వెళ్ళింది. దాని మీద తడిపి, పిండి, మడతపెట్టిన తువ్వాలు ఇంకా ఆరలేదు.