తల దిక్కు ఎర్రదారం

మా నాగరాణి చెయ్యి మళ్లీ విరిగిందేమోనని ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

మొదటిసారి విరిగింది ఎండాకాలంలో. బషీరాబాద్ నుంచి తాండూరుకు షేర్ ఆటోలో పోతుంటే మలుపు దగ్గర ఆటో పక్కకు ఒరిగింది. తక్కినవాళ్లు దుమ్ము దులుపుకొని లేచారు. నా బిడ్డకు మాత్రం ఎడమ మోచేతికి పైన ఎముక విరిగింది. వికారాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. అప్పటినుంచి మా ఊళ్లో, మా దగ్గరే ఉంది. తాండూరు బస్టాండు దగ్గర వాళ్లకు టిఫిన్ బండి ఉంది. అల్లుడు శ్రీశైలం ఒక్కడే నడుపుకుంటున్నాడు. ఇడ్లీలు బాగానే వస్తున్నాయంటాడు గానీ చట్నీ సంగతి అడిగితే మాట మారుస్తాడు.

దసరా ముందు డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక అతికిందన్నాడు. "ఇక పనులు చేసుకోమ్మా, చెయ్యి వాడకపోతేనే బిగుసుకుపోతుంది" అన్నాడు. ఆయన అలాగే అంటాడు, ఆయన బిడ్డ కాదు కదా. నేను మాత్రం దాన్ని చెంబు కూడా ఎత్తనివ్వలేదు. నీళ్ల బిందె వైపు చూస్తే నేనే ముందు పరుగెత్తేదాన్ని. పొయ్యి మీది గిన్నె దించబోతే "ఆగు ఆగు" అని అరిచేదాన్ని. ఆ అరుపుకే అది ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకునేది.

అలాంటిది, ఆ వారం పొద్దున లేవగానే ఎడమ భుజం పట్టుకొని మంచం మీదే కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదమ్మా. జర గుంజుతున్నది."

ఇక నా పై ప్రాణాలు పైనే పోయాయి. రాడ్డు జరిగింది, లోపల చీము పట్టింది, చెయ్యే తీసేస్తారు, ఇంతదాకా ఆలోచించేశాను. మా ఆయన ఈరయ్య గొర్రెల దొడ్డి నుంచి కాళ్లు కడుక్కొని వచ్చేసరికి చీర మార్చుకొని సంచి సర్దుకొని నిలబడ్డాను.

"నడువయ్యా, వికారాబాద్ పోదాం. రాడ్డు జరిగింది."

"ఎవరు జూసిన్రు?"

"చూసేదేంది? నా మనసు చెప్తున్నది."

"నీ మనసు మొన్న దొడ్లకు తోడేలు వచ్చిందని గూడ చెప్పింది. ఏమొచ్చింది? మల్లప్ప కుక్క వచ్చింది." ఆయన మంచం దగ్గరికి వెళ్లి పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. కుడిపక్కన చెయ్యి అలా దిగిపోయింది. "రాడ్డు గాదు, పరుపు. గిది పరుపా, గొర్రెలు నీళ్లు తాగే తొట్టా?"

నిజమే. దెబ్బ తగిలిన చెయ్యి పైకి ఉండాలని నేను దాన్ని ఇన్నాళ్లూ కుడిపక్కకే తిప్పి పడుకోబెట్టాను. అక్కడి దూది అంతా అణిగిపోయింది. ఇప్పుడు ఎటు ఒత్తిగిలినా దొర్లి ఆ గుంతలోకే పోతుంది, చెయ్యి కింద నలుగుతుంది.

ఆ పరుపు అసలు మా ఆయనదే. గొర్రెల వెంట తిరిగి తిరిగి నడుము పట్టేసిందని తాండూరులో ముక్తార్ దగ్గర దూది ఏకించి కుట్టించుకొచ్చాడు. తీరా ఒక్కరోజు పడుకొని, మెత్తగా ఉంటే నిద్ర రాదని మళ్లీ గొంగడి మీదికే పోయాడు. ముక్తార్ చెయ్యి పెద్దది, దూది దట్టించి కూరాడు. దాన్ని కదపడమంటే మొండికేసిన బర్రెను కదిపినట్టే. ప్రతి ఎండాకాలం చుట్టుపక్కల మగవాళ్లను పిలిచి ఎండలో వేయించేవాళ్లం. ఈసారి ఆసుపత్రి గొడవలో అదీ లేదు.

"తిప్పెయ్యుండ్రి. తల దిక్కుది కాళ్ల దిక్కు పెడితే అయిపాయె" అన్నాడు మా ఆయన.

"అయిపాయెనా? కాళ్లు పెట్టినకాడ తల పెడ్తదా నా బిడ్డ? ఒక కీడు దాటి ఇంకో కీడా?"

పరుపు ఒక మూలన నేను ఎర్రదారంతో కుట్టు వేసి పెట్టాను. అది తల పెట్టే దిక్కు. కాళ్లు పెట్టిన చోట తల పెడితే ఒంటికి మంచిది కాదని మా అత్త చెప్పేది. ఎండలో వేసి తెచ్చినా ఎర్రదారం చూసుకునే పరుస్తాను.

"నీ ఎర్రదారానికి ఒక దండం" అని మా ఆయన కట్టె పట్టుకొని గొర్రెల వెనక వెళ్లిపోయాడు.

నాగరాణి అంతసేపూ వింటూ కూర్చుంది. తర్వాత నవ్వింది.

"అమ్మా, నాయిన బొచ్చు కత్తిరించేటప్పుడు గొర్రెను ఎల్లకిల పడేస్తడు గద. తలకాయ తోక దిక్కు పోతదా?"

"ఎట్ల పోతది?"

"మరి పరుపును గూడ గట్లనే పక్కకు పొర్లిస్తే? నీ ఎర్రదారం తలకాడనే ఉంటది. అడుగుకు పోతది, గంతే."

నేను గొర్రెను మనసులో రెండుసార్లు పొర్లించి చూసుకున్నాను. తప్పేమీ కనబడలేదు.

"సరే గాని నువ్వు ముట్టుకోవద్దు" అన్నాను.

"నేనెట్ల ముట్టుకుంటనమ్మా" అని మెల్లగా అని, స్నానానికి వెళ్లింది.

ఊళ్లోవాళ్లంతా పత్తి ఏరడానికి పోయారు. సాయం పిలుద్దామంటే వీధిలో కుక్క కూడా లేదు. నాగరాణి స్నానం చేసి వచ్చేలోపు నేనే కానిచ్చేద్దామని పొయ్యి మీద పప్పు పెట్టి, కొంగు నడుముకు చుట్టి, గోడవైపు అంచు కింద చేతులు దూర్చాను. దూది పరుపుకు ఎముక ఉండదు. ఇటు ఎత్తితే అటు జారుతుంది, అటు పడితే మధ్యలో కుంగుతుంది. ఎలాగో నిలబెట్టాను. నిలబెట్టానో లేదో, అది నా తల మీదుగా వంగింది. వెనక బీరువా. మోకాళ్లు మడతపడి బీరువాకు వీపు ఆనించి కూర్చుండిపోయాను, పరుపంతా నా మీద.

లోపల చీకటి, పాతదూది వాసన. ఊపిరి ఆడుతోంది గానీ ఎంతసేపు ఆడుతుందో తెలియదు. అయినా అరవలేదు. అరిస్తే బిడ్డ తడికాళ్లతో పరుగెత్తుకొస్తుంది. మా ఇంట్లో అంతా నున్నటి బండలు. జారితే మళ్లీ ఆ చెయ్యి మీదే పడుతుంది.

"అమ్మా! ఏడున్నవ్?"

"ఏం లేదు బిడ్డా. మెల్లగ రా. బండలు తడిగుంటయ్."

"అయ్యో! పరుపు కిందుండి బండల ఫికర్ పడ్తున్నవా?"

పరుపు అంచు లేచి సందులోంచి వెలుతురు పడింది. ఆ వెలుతురులో అంచును పట్టుకున్న చేతులు కనిపించాయి. రెండు చేతులు. ఎడమ చేతి మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"చెయ్యి! చెయ్యి! ఇడువు బిడ్డా!"

"ఇడిస్తే నీ మీద పడ్తది! నోరు మూసుకొని బయటికి రా ముందు!"

పాక్కుంటూ బయటికి వచ్చాను. అది పరుపును నిలబెట్టి, అడుగున మోకాలు ఆనించి, పళ్లు బిగించి పట్టుకొని ఉంది. వాళ్ల నాయన గొర్రెను ఆనించుకున్నట్టే.

"ఆ మూల పట్టు. ఎత్తకు. దాని బరువుకు దాన్నే పడనియ్యి. ఆ... ఇప్పుడు."

ధబ్బుమని పడింది. దుమ్ము లేచి ఇద్దరం తుమ్మాం. ఎర్రదారం తల దిక్కునే అడుగుకు పోయింది.

నాగరాణి తన ఎడమ చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వేళ్లు ముడిచింది, విప్పింది.

"నొస్తున్నదా? నడువు, వికారాబాద్..."

"నొస్తలేదమ్మా." తడి జుట్టుతోనే పరుపు అంచున కూర్చుంది. "నొస్తలేదు. నువ్వు ఇంట్ల లేనప్పుడు గూడ నేనేదీ ఎత్తలే, ఎర్కేనా? నువ్వు ఆగు ఆగు అంటే, అమ్మయ్య తప్పింది అనుకుంటుంటి. ఇడ్లీ పాత్ర ఎత్తంగ ఎముక పట్టుమంటదేమో అని తాండూరు ముచ్చటే తీస్తలేను. ఆయనేమో నేను తన మీద అలిగిన్నేమో అనుకుంటున్నడు."

నేను దానికి ఇన్నాళ్లూ పెట్టింది అన్నం ఒక్కటే కాదు, నా భయం కూడానన్నమాట. దాని పక్కన కూర్చున్నాను. అది ఎడమ చెయ్యి నా భుజం మీద వేసి పూర్తి బరువు వదిలింది. బరువుగానే ఉంది.

"అమ్మా, ఏదో మాడుతున్నది."

"పప్పు!" అన్నాను. అప్పటికే అది వంటింటికి పరుగెత్తింది. "బండలు!" అని వెనకనుంచి అరిచాను.

సాయంత్రం మా ఆయన వచ్చి పరుపు మీద కూర్చొని, నొక్కి, మంచిగైందన్నాడు. మాడిన పప్పు మాట్లాడకుండా తిన్నాడు. నాగరాణి శ్రీశైలానికి ఫోన్ చేసి, "సోమవారం వస్త. అప్పటిదాకా నువ్వు చట్నీ జోలికి పోకు" అంది. సోమవారం అనగానే నా కళ్ల ముందు ఆటోలు ఒరిగాయి, ఆవిరి గుప్పుమంది, మరిగే నూనె చిందింది. అన్నీ మింగి, "ఆటో వద్దు, బస్సుకు పో" అన్నాను. అంతే అన్నాను.

తెల్లవారి నల్లా వచ్చింది. బిందె నిండింది. వంగి ఎత్తబోయి ఆగిపోయాను. నాగరాణి గడపలో నిలబడి చూస్తోంది. బిందె వంచి సగం నీళ్లు చెట్టు మొదట్లో పారబోసి, "ఇగో, పట్టు" అన్నాను.

అది నా ముఖం చూసింది. బిందెను మళ్లీ నల్లా కింద పెట్టి నిండా పట్టుకొని, ఎడమ చంకన పెట్టుకొని నడిచింది. నేను రెండు చేతులూ చాచుకొని గడప దాకా దాని వెనకే నడిచాను.